పదకొండో ఆకు వెనకవైపు

శంషాబాద్,
8 జూలై 2024

స్వరాజ్యానికి,

నీ చెవి మిషను మళ్ళీ ఈల వేస్తోందని, దాన్ని నువ్వు బియ్యం డబ్బాలో పడేశావని మీ ఇంటి ఓనరమ్మ మా కోడలు రెబెక్కాకు ఫోనులో చెప్పింది. మంచి పని చేశావు. ఇగ మనకు ఉత్తరాలే గతి. డెబ్బై ఆరేళ్ళ ముసలమ్మలు ఇద్దరు కలిసి పోస్టాఫీసును నిలబెడుతున్నందుకు ప్రభుత్వం ఒక శాలువా అయినా కప్పాలి.

అసలు సంగతికి వస్తాను. బెంగుళూరు అచ్చువాళ్ళు ప్రూఫులు పంపారు. మూడు వందల పన్నెండు పేజీలు. అట్ట మీద నీ పేరు ముందు, నా పేరు తరవాత. నువ్వు మూడు నెలలు పెద్దదానివి కాబట్టి, అంతకు మించి కారణం లేదు. అక్టోబరు పదిహేనుకల్లా దిద్ది పంపకపోతే వచ్చే ఏడాది జాబితాలోకి తోసేస్తారట. అప్పటికి మనం ఏ జాబితాలో ఉంటామో వాళ్ళకేం తెలుసు? ముప్పై ఎనిమిదేళ్ళ పని, స్వరాజ్యం. కళ్ళు ఉండగా ఈ పుస్తకాన్ని చేతిలో పట్టుకుని చూసుకోవాలని ఉంది. ఇంకేమీ అడగను.

ఎడిటరు జీవన్ ముందుమాటను 'మామూలు చదువరి' కోసం రాయమన్నాడు. ఇలా మొదలుపెట్టాను:

"దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట ఒక గ్రీకు తత్వవేత్త వాసనల గురించి చిన్న పుస్తకం రాశాడు. ఆయన పేరు పోయింది, పుస్తకం మిగిలింది. ఆయన చేతిరాత ఎప్పుడో మట్టిలో కలిసింది. వెయ్యేళ్ళ తరవాత సన్యాసులు తోలు ఆకుల మీద తీసిన నకళ్ళు మూడు ఉన్నాయి. ఒకటి రోములో, ఒకటి పారిస్‌లో, ఒకటి ఆడవాళ్ళను అడుగు పెట్టనివ్వని ఒక కొండమీది మఠంలో. నకలు తీసేవాడు కునుకు తీస్తాడు, పంక్తి దాటేస్తాడు, అర్థం కానిచోట తన తెలివి కలుపుతాడు. మూడింటినీ అక్షరం అక్షరం పోల్చి, ఎవడు ఎక్కడ తప్పాడో పట్టుకుని, ముసలాయన నిజంగా ఏం రాశాడో తేల్చడమే మా పని. రెండు నకళ్ళలో ఒకే తప్పు కనబడితే ఒకడు ఇంకొకణ్ణి చూసి రాశాడన్నమాట. పరీక్ష కాగితాలు దిద్దినవాళ్ళందరికీ ఇది తెలిసిన విద్యే."

తరవాతి పేరా నీది. రోము, పారిస్ ప్రతులు అన్నదమ్ములని, మఠం ప్రతి ఒక్కటే వేరే ఇంటిదని, దాన్ని 1986లో నువ్వు వెళ్ళి ఫిల్ము మీద చదివి నాలుగు నోటుపుస్తకాలు నింపావని, మన పుస్తకంలో కొత్తదనమంతా ఆ నాలుగు నోటుపుస్తకాలేనని రాశాను. నీ కష్టం ఇప్పటికైనా నలుగురికీ తెలుస్తుంది.

ఇంకో వార్త. ఆ మఠంవాళ్ళు ప్రతిని మొత్తం ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. నువ్వు సముద్రాలు దాటి వెళ్ళి చూసిన దాన్ని మా రెబెక్కా పప్పు కుక్కరు మూడు కూతలు కూసేలోగా తెరిచింది. సరదాకి నీ నోటుపుస్తకాలతో ఒకటి రెండు ఆకులు పోల్చి చూస్తాం. నా కుడికంటి మధ్య మరక పెరిగింది, ఎడమది దాని బాటే పట్టింది. అత్తాపూర్ కంటి దవాఖానలో నెలకో సూది.

ప్రేమ

●

రాజమహేంద్రవరం,
21 జూలై 2024

ప్రియమైన ప్రేమకు,

నీ ఉత్తరం అందింది. ముందుమాట చక్కగా కుదిరింది. 'కునుకు తీస్తాడు' అన్నది మాత్రం కాస్త మోటుగా తోచింది. పాపం వాళ్ళు సన్యాసులు, చలిలో కూర్చుని రాసినవాళ్ళు. 'ఏమరుపాటు' అంటే మర్యాదగా ఉంటుందేమో ఆలోచించు. నా గురించి రాసిన పేరా కొంచెం తగ్గించు. అంత అవసరం లేదు.

గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. మా ఓనరమ్మ రోజూ రేవుకు వెళ్ళి చూసొచ్చి ఎన్ని మెట్లు మునిగాయో వేళ్ళతో చూపిస్తుంది. నా చేతి వణుకు అలాగే ఉంది. కాఫీ సగం కప్పే పోయించుకుంటున్నాను, మిగతా సగం ఎలాగూ చీరకే కాబట్టి.

ఫోటోల మాట రాశావు. మంచిదే. కానీ ఇప్పుడు వాటితో మనకేం పని ప్రేమా? ముప్పై ఎనిమిదేళ్ళు చూసినది చాలదా? సూదులు వేయించుకుంటున్న కళ్ళతో ఆ తెర ముందు కూర్చోవద్దు. సంతకం పెట్టి పంపించెయ్యి. నా మాట విను.

స్వరాజ్యం

●

శంషాబాద్,
6 ఆగస్టు 2024

స్వరాజ్యానికి,

నువ్వు 'నా మాట విను' అన్నాక నేను విన్న సందర్భం ఒక్కటి గుర్తుచెయ్యి.

మా రెబెక్కా ఉద్యోగం నీకు చెప్పానో లేదో. ఎయిర్‌పోర్టులో సామాన్ల స్కానర్ ముందు కూర్చుంటుంది. ఎనిమిది గంటలు పరాయివాళ్ళ పెట్టెల కడుపులు చూస్తుంది. నాకు గ్రీకు వచ్చు, కళ్ళు లేవు. దానికి కళ్ళున్నాయి, గ్రీకు రాదు. ఇద్దరం కలిస్తే ఒక పండితురాలు. శనివారం దానికి సెలవు. ఫోటో ఒకపక్క, నీ నోటుపుస్తకం ఒకపక్క పెట్టి కూర్చున్నాం.

"గిదేంది అత్తమ్మా, గీ అక్షరం చెంబు లెక్కుంది, మీదికెళ్ళి కొమ్ము."

"ఆ చెంబు ఆంటీ పుస్తకంలో ఉందా?"

"ఉంది. గాని ఆంటీ చెంబు మస్తు నీటుగుంది."

అలా పోతున్నాం. పదకొండో ఆకు వెనకవైపు వచ్చేసరికి ఆగింది. "అత్తమ్మా, ఫోటోల పద్దెనిమిది లైన్లున్నయి. ఆంటీ పదిహేడని రాసింది."

మళ్ళీ లెక్కపెట్టమన్నాను.

"మూడుసార్లు లెక్కవెట్టిన. నేను పొద్దంత చేసేది గిదే గద. ఉండాల్సింది లేకున్నా, ఉండొద్దంది ఉన్నా నా కన్ను ఆగుతది."

కాబట్టి అడుగుతున్నాను. పదకొండో ఆకు వెనకవైపు, పువ్వు బరువు గురించి చెప్పే చోటు. నువ్వు ఫిల్ము మీద చూసినప్పుడు ఎన్ని పంక్తులున్నాయి? నీ దగ్గర చిత్తుకాగితాలు ఉంటే చూసి రాయి. తొందర లేదు అనను. రెండు నెలలే ఉంది.

ఇక్కడ వాన లేదు. పొద్దున విమానాల కిరసనాయిలు కంపు, సాయంత్రం కోళ్ళఫారం. మన ముసలాయన మా వీధిలో ఉండి ఉంటే ఇంకో రెండు అధ్యాయాలు రాసేవాడు.

ప్రేమ

●

రాజమహేంద్రవరం,
25 ఆగస్టు 2024

ప్రియమైన ప్రేమకు,

ఆలస్యానికి మన్నించు. ఓనరమ్మ మనవరాలి బారసాల, ఇల్లంతా సందడి. నాకు వినబడదు కాబట్టి సందడి కూడా బొమ్మల్లాగే కనిపిస్తుంది.

పంక్తుల సంగతి. ఎప్పటి మాట అది! ఫిల్ము పాతది, అంచులు నల్లబడి ఉండేవి. అడుగు పంక్తి కనబడలేదు కాబోలు. లేదా మఠంలో రెండు ప్రతులు ఉండి, వీళ్ళు ఫోటో తీసింది రెండోదేమో. అలా జరుగుతూ ఉంటుంది. చిత్తుకాగితాలు 2006 వరదల్లో పోయాయి.

రెబెక్కాను మెచ్చుకున్నానని చెప్పు. కానీ భాష రానివాళ్ళు ఎండిన సిరా మరకను కూడా పంక్తి అనుకునే ప్రమాదం ఉంది కదా.

మీకు మాగాయ పంపిస్తున్నాను, జాడీ కాదు, ప్లాస్టిక్ డబ్బానే. వెల్లుల్లి వెయ్యలేదు.

స్వరాజ్యం

●

శంషాబాద్,
19 సెప్టెంబరు 2024

స్వరాజ్యానికి,

మాగాయ బాగుంది. ఉత్తరం బాగాలేదు.

మొన్న నిమజ్జనం. ఏటేటా లాగే టీవీలో బాలాపూర్ లడ్డూ వేలం చూపిస్తుంటే ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. నేను లోపల గదిలో ఆ పద్దెనిమిదో పంక్తితో కూర్చున్నాను. అది అడుగు పంక్తి కాదు. మధ్యలో ఉంది, పైనుంచి తొమ్మిదోది. సిరా మరకలకు క్రియాపదాలు ఉండవు. రెబెక్కా ఆకారాలు చెప్పింది, నేను కాగితం మీద పెద్దగా గీసుకున్నాను. రెండు గంటలు పట్టింది. విను.

రోము, పారిస్ ప్రతుల్లో ఉన్నది మనిద్దరికీ కంఠతా వచ్చు: "పువ్వు వాసన ఇల్లంతా నిండినా పువ్వు బరువు తగ్గదు. కాబట్టి వాసన పదార్థమని గానీ కాదని గానీ ఎవరూ తొందరపడి అనకూడదు." ఈ రెండు వాక్యాల మధ్య ఏదో జారిపోయిందని ప్రపంచమంతా అనుకుంది. మఠం ప్రతిలో అది ఉంది: "తగ్గదని నేను తూచి చెప్పడం లేదు, అత్తరు అమ్మేవాళ్ళు చెప్పగా విన్నాను."

తూచి చెప్పడం లేదు, విన్నాను. ముసలాయన ఎంత మర్యాదస్తుడో చూడు. తను చూడనిదాన్ని చూడలేదని రాశాడు.

ఇక నీ సంగతి. ఆ జర్మన్ పండితుడు నూటపాతికేళ్ళ కిందట మఠానికి వెళ్ళి, తొందరతొందరగా తేడాలు రాసుకుని అచ్చువేసిన పట్టిక గుర్తుందా? 'తప్పుల తడక, ముట్టుకోవద్దు' అని నువ్వే నాకు చెప్పావు. మొన్న దాన్ని ముట్టుకున్నాను. ఆయన కూడా తొమ్మిదో పంక్తిని చూడలేదు. అది ఒక్కటే అయితే ఊరుకుందును. నాలుగో ఆకులో ఆయన లేని మాట ఒకటి ఉందని రాశాడు, నువ్వూ రాశావు, ఫోటోలో లేదు. ఇరవయ్యో ఆకులో రెండు మాటలు తారుమారు చేశాడు, నువ్వూ చేశావు, ఫోటోలో సరిగ్గానే ఉన్నాయి. ముప్పై మూడులోనూ అంతే.

ఒకే తప్పు రెండుచోట్ల కనబడితే ఏమనాలో ముందుమాటలో రాశాను. నువ్వు చదివి, మర్యాద సరిచేశావు.

నువ్వు ఆ ప్రతిని చూశావా, స్వరాజ్యం? ఫిల్ము మీద గానీ, కల్లో గానీ? అవునో కాదో ఒక్క మాట రాయి. సంతకం పెట్టాల్సిన తేదీ దగ్గరికొచ్చింది. నీకు ఫోను చేసి అరవలేను. వచ్చి నీ ముందు కూర్చోలేను. ఒక్కదాన్ని బస్సెక్కితే ఏ ఊరి బోర్డూ చదవలేను.

ప్రేమమ్మ

●

రాజమహేంద్రవరం,
2 అక్టోబరు 2024

ప్రేమమ్మ గారికి,

నువ్వు పూర్తి పేరుతో సంతకం పెట్టావు కాబట్టి నేనూ 'గారు' తగిలించాను.

చూడలేదు.

ఇప్పుడు మిగతాది విను. ఆ కొండకు పడవలు పోయే రేవుపట్నంలో పంతొమ్మిది రోజులు ఉన్నాను. ఫిల్ము ఉన్న సంస్థ అక్కడికి మూడు గంటల దూరం. సోమవారం రమ్మన్నారు. వెళితే ఫిల్ము చుట్ట మరమ్మతుకు పోయిందన్నారు. మళ్ళీ సోమవారం. మూడు సోమవారాలు. మధ్యరోజుల్లో రేవులో కూర్చుని, మగవాళ్ళు టిక్కెట్టు చూపించి పడవెక్కడం చూసేదాన్ని. చదువురాని పశువుల కాపరి కూడా ఎక్కేవాడు. ఒకరోజు యాత్రికుల పడవలో కొండ చుట్టూ తిప్పారు. ఆడవాళ్ళున్న పడవ ఒడ్డుకు అర కిలోమీటరు దూరంలోనే ఉండాలి. అక్కణ్ణుంచి మఠం గోడ, దాని మీద ఆరేసిన బట్టల తాడు కనిపించాయి. నేను చూసింది అంతే.

స్కాలర్‌షిప్పు గడువు అయిపోయింది. మన గ్రీకు తరగతి గుర్తుందా? ఇరవై ఇద్దరు మగపిల్లలు, మనిద్దరం. 'సంస్కృతం చదివిన బ్రాహ్మణపిల్లకి గ్రీకెందుకు, పాస్టరుగారమ్మాయికి తత్వమెందుకు' అనేవారు. ఖాళీ చేతులతో రాజమండ్రి స్టేషన్లో దిగలేకపోయాను. జర్మన్ పట్టిక సంచిలో ఉంది. రోము పాఠం ముందు పెట్టుకుని, పట్టికలోని తేడాలు కలుపుతూ, చూసినట్టే రాశాను. పంక్తుల లెక్క కూడా ఆ పట్టికలోదే. తరవాత ఎప్పుడో నిజం ప్రతి దొరికితే సరిచేద్దామనుకున్నాను. రెండో నోటుపుస్తకానికి వచ్చేసరికి నిజంగానే చూస్తున్నట్టు ఉండేది. నువ్వు స్టేషన్‌కి వచ్చి నోటుపుస్తకాలు గుండెకి హత్తుకున్నావు. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేకపోయాను.

ఇది నా తప్పు. పూర్తిగా నాది. కానీ నువ్వు నాకు నేర్పిన విద్యే నీ మీదా ప్రయోగిస్తున్నాను. 1994లో నువ్వు ఆ జారిపోయిన పంక్తిని ఊహించి నింపుతూ వ్యాసం రాశావు. నీ ఊహని పెద్దవాళ్ళు మెచ్చి తమ పుస్తకాల్లో పేజీ అడుగున నోటులో నీ పేరు వేశారు. ఆ వ్యాసం నిన్న తీసి చదివాను. 'రోము, పారిస్ ప్రతుల్లో ఈ పంక్తి లేదు' అని రాశావు. మఠం ప్రతి మాటే లేదు. నా నోటుపుస్తకాలు అప్పటికి ఎనిమిదేళ్ళుగా నీ బీరువాలో ఉన్నాయి. నమ్మినదానివైతే 'మూడింటిలోనూ లేదు' అని రాసేదానివి. నీ వాదానికి అదే బలం. ఎందుకు రాయలేదు, ప్రేమా?

నీకు అప్పుడే తెలుసు.

స్వరాజ్యం

●

శంషాబాద్,
13 అక్టోబరు 2024

స్వరాజ్యం,

నీ ఉత్తరం రెబెక్కా చేత చదివించుకున్నాను. చివరి వాక్యం దగ్గర ఆగి, "ఇది చదవాల్నా అత్తమ్మా?" అంది. అప్పటికే చదివేసింది కాబట్టి చదవమన్నాను.

తెలుసు అనలేను. తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాను. 1993లో మా కాలేజీకి వచ్చిన ఒక కేరళ ఫాదరు ఆ కొండకు యాత్ర వెళుతున్నాడు. గ్రీకు వచ్చిన మనిషి. "మీ ప్రతిలో ఏదైనా చూసి రావాలా సిస్టర్?" అని తనంతట తనే అడిగాడు. పదకొండో ఆకు అని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికి నా వ్యాసం సగం అయింది. ఆ పంక్తి అక్కడ ఉంటే నా ఊహ పోతుంది, నీ నోటుపుస్తకం అబద్ధమవుతుంది. అక్కడ లేదని నేను ఎందుకో నమ్మలేదు. రెండూ పోతాయని భయం. "ఏం వద్దు ఫాదర్, కొవ్వొత్తి వెలిగించి రండి" అన్నాను. నీకు ఆ తలుపు మఠంవాళ్ళు వేశారు. నాకు నేనే వేసుకున్నాను.

నా ఊహ ఏమిటో గుర్తుందిగా: 'బరువు లేనిది పదార్థం కాదని కొందరంటారు.' ముప్పై ఏళ్ళు దాన్ని చూసుకుని మురిశాను. ముసలాయన 'నాకు తెలియదు' అన్నచోట నేను పెద్ద సిద్ధాంతం పెట్టాను.

జీవన్‌కు ఫోను చేసి జరిగినది చెప్పాను. పూర్తిగా విన్నాడు, మంచి పిల్లవాడు. తరవాత, "మేడమ్, ఒక మాట చెప్పనా? వేరే దేశంలో ఒక బృందం ఆ ఫోటోల మీద పనిచేస్తోంది. వాళ్ళ పుస్తకం రావడానికి ఏడాది పైనే పడుతుంది. మీది ఇప్పుడే వేసేద్దాం. అప్పటిదాకా ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఎవరు చూస్తారు! సామాన్ల స్కానర్ ముందు కూర్చునే పిల్ల ఒక్క శనివారంలో చూసింది.

అరవై రెండు ఆకులు మళ్ళీ మొదటి నుంచి చదవాలి. నాకు ఇప్పుడు అక్షరం మధ్యలో రంధ్రం కనబడుతుంది, చుట్టూ అంచు మాత్రమే మిగులుతుంది. రెబెక్కాకు వారానికి ఒక్క సెలవు, దానికీ ఇల్లూ పిల్లా ఉన్నాయి. మఠం ప్రతిని తీసేసి అచ్చువేస్తే మన పుస్తకంలో కొత్తగా మిగిలేది అట్ట. నీ పేరు కొట్టేసి నా పేరు ఉంచితే నేను నిన్ను మించిన అబద్ధికురాలిని. అన్ని దారులూ చూశాను. ప్రూఫులు వెనక్కి పంపించేశాను. నిన్ను అడిగి చేయాల్సింది. ఉత్తరం చేరేలోగా గడువు దాటేది. ఈసారి అది సాకు కాదు, నిజం.

నాకు పుస్తకం పట్టుకోవాలని ఉందని రాశాను కదా. ప్రూఫుల కట్ట పోస్టులో వేసే ముందు కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను. రెండున్నర కిలోలుందట.

ప్రేమ

●

రాజమహేంద్రవరం,
30 నవంబరు 2024

ప్రేమకు,

ఆరు వారాలు నీకు రాయలేదు. కోపం వచ్చింది. ఆ కోపానికి నాకు హక్కు లేదని తెలిసేకొద్దీ ఇంకా పెరిగింది. నా పేరు కొట్టేసి నీ పేరుతో వెయ్యమని రాద్దామని మూడుసార్లు కలం పట్టుకున్నాను. నువ్వు ముందే ఆ దారి మూసేశావు. ఎప్పుడూ నాకంటే ఒక అడుగు ముందుంటావు, నాకు అదీ కోపమే.

బీరువాలో మన కార్డులు, పట్టికలు అన్నీ ఉన్నాయి. ఓనరమ్మ పాత కాగితాలవాణ్ణి పిలవనా అని సైగ చేసింది. వద్దన్నాను. ఉంచి ఏం చేస్తానో నాకే తెలియదు.

కన్ను ఎలా ఉంది?

స్వరాజ్యం

●

శంషాబాద్,
9 జనవరి 2025

స్వరాజ్యానికి,

సూదులు ఆపేశారు. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది, "ఇగ లాభం లేదమ్మా, ఉన్నది కాపాడుకుందాం." ఏది ఉందో చెబితే కాపాడుకుందును. ఇది పెద్ద స్కెచ్‌పెన్నుతో రాస్తున్నాను, అందుకే కాగితానికి పది మాటలు పడుతున్నాయి. పంక్తులు ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటే నువ్వే విడదీసి చదువుకో. జీవితమంతా ఆ పనే చేశావు, చేయనిది ఒక్కసారే.

చూశావా, ఇంకా వదలడం లేదు నేను. అది నా రోగం.

ఆ కాగితాలు అమ్మెయ్యకు.

ప్రేమ

●

రాజమహేంద్రవరం,
26 ఫిబ్రవరి 2025

ప్రియమైన ప్రేమకు,

ఒక పని చేశాను, నవ్వకు. ఓనరమ్మ కొడుకును బతిమాలి మఠం ప్రతి ఫోటోలు కంప్యూటర్ షాపులో గోడ క్యాలెండరంత సైజులో అచ్చు తీయించాను. అరవై రెండు ఆకులు, రెండువైపులా. గదిలో మంచం కింద, మంచం మీద అవే. మొదటిసారి చూశాను ప్రేమా. చేతిరాత ఎడమవైపుకి వాలి ఉంటుంది. ఆ రాసినవాడిది పొదుపు చెయ్యి, సిరా అయిపోయేదాకా ముంచడు. ఇవేవీ నాకు తెలియదు. అతనితో ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేశానని అందరికీ చెప్పుకున్నాను.

మొదటి ఆకు, ముందువైపు అయింది. నకలు ఇందులో పెట్టాను. ఐదు వారాలు పట్టింది. చెయ్యి నిలవదు, అందుకని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని రాస్తున్నాను. ఆ బృందం పుస్తకం ముందే వస్తుందని తెలుసు. ఇది ఎవరికీ పనికిరాదని కూడా తెలుసు. మొత్తానికి ఎన్నేళ్ళు పడుతుందో లెక్క వేశాను. నువ్వు వెయ్యకు.

పదమూడో పంక్తిలో ఒకచోట తోలు పోయింది. చదవలేకపోయాను.

స్వరాజ్యం

●

శంషాబాద్,
14 మార్చి 2025

స్వరాజ్యానికి,

దస్తూరీ రెబెక్కాది, నోరు నాది. 'దస్తూరీ' ఎలా రాయాలని అడుగుతోంది. వచ్చినట్టు రాయమన్నాను.

నీ ఆకును, ఫోటోను పక్కపక్కన పెట్టి మొన్నటి శనివారమంతా కూర్చున్నాం. అది ఒక్కో ఆకారం చెప్పడం, నేను అక్షరం చెప్పడం, అది నీ నకల్లో వెతకడం. ఒకటో పంక్తి నుంచి చివరిదాకా. నీ అక్షరాలు వానపాముల్లాగా ఉన్నాయట. "గాని అత్తమ్మా, అన్ని ఉన్నయి. ఒక్కటి గూడ ఇటు అటు లేదు" అంది. రెండోసారి చూడమన్నాను. విసుక్కుంటూనే చూసింది. లేదు.

పదమూడో పంక్తి దగ్గర మటుకు ఆగిపోయింది. "గీడ ఏం లేదు. బొక్క వడ్డది. అండ్లకెళ్ళి కింది ఆకు కనవడుతున్నది" అని, నీ నకలు చూసి, "ఆంటీ గూడ చదువలేకపోయిన అనే రాసింది" అంది.

ఆ మాటను నాలుగుసార్లు చదివించుకున్నాను. నీ నాలుగు నోటుపుస్తకాల్లో అది ఒక్కచోట కూడా లేదు, స్వరాజ్యం. వెయ్యేళ్ళ తోలు, పురుగు తిన్నది, తడిసింది, పొగచూరింది. నువ్వు మాత్రం ప్రతి అక్షరమూ చదివేశావు. అదే రుజువు, నేను ఇంకేదీ వెతకాల్సిన పని ఉండేది కాదు. 1986లో స్టేషన్లోనే తెరిచి చూసుకుని ఉంటే సరిపోయేది. తెరవలేదు. హత్తుకున్నాను.

రెండోవైపు మొదలుపెట్టు. ఎన్నాళ్ళకు పంపినా సరే, నాకు వేరే పనేం లేదు. రెబెక్కా ఉన్నన్ని శనివారాలు ఉన్నాయి, నువ్వు ఉన్నన్ని ఆకులు ఉన్నాయి. లెక్క వెయ్యొద్దన్నావు. వేశాను. నీకు చెప్పను.

ఆ చినిగినచోట వెడల్పు కొలిచి, ఎన్ని అక్షరాలు పడతాయో పక్కన రాసిపెట్టు. అంతవరకే. అక్కడ ఏముండి ఉంటుందో నాకు అప్పుడే రెండు ఊహలు వచ్చాయి. రెబెక్కా కలం పట్టుకుని అడుగుతోంది, అవి కూడా రాయాలా అని.

వద్దన్నాను.

ప్రేమ